హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం చేయమంటున్నారు: చేసే ముందు ఏమి తెలుసుకోవాలి?

ప్రశ్న: కొల్లిపర ఆడపడుచు

అందరికీ నమస్కారం. మా పుట్టిల్లు తెనాలి దగ్గర ఒక పల్లె. 1997లో వివాహమై ఖమ్మం వచ్చాను. మా నాన్నగారు నిరుడు కార్తికంలో కాలం చేశారు. ఇప్పుడు ఆ ఇంటికి మిగిలినవాళ్లం అమ్మ, అన్నయ్య, నేను. నాన్నగారి పేరున 3 ఎకరాల 60 సెంట్ల మాగాణి, ఊళ్లో ఒక డాబా ఇల్లు, బ్యాంకులో 4 లక్షల రూపాయల డిపాజిట్ ఉన్నాయి. డిపాజిట్‌కు అన్నయ్యను నామినీగా రాశారు.

సంవత్సరీకానికి వచ్చినప్పుడు ఒక పూట సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వచ్చి సంతకం చేసి వెళ్లమని, ఆధార్ కార్డు మరచిపోవద్దని అన్నయ్య ఫోనులో చెప్పాడు. ఏ కాగితమని అడిగితే చిత్తుప్రతిని వాట్సాప్‌లో పంపాడు. పైన "హక్కు విడుదల దస్తావేజు" అని ఉన్నది. షెడ్యూలు ఆస్తిలో నాకు గల యావత్తు హక్కును నా సోదరునిపై ఉన్న ప్రేమాభిమానాల చేత విడుదల చేస్తున్నాననీ, ఇకమీదట ఆ ఆస్తిలో నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కు భుక్తములు లేవనీ లోపల రాసి ఉన్నది. అమ్మ పేరుతో కూడా అటువంటిదే మరొకటి తయారు చేయించారట. అమ్మకు చదువు రాదు, వేలిముద్ర వేస్తుంది. ఆ కాగితంలో ఏమున్నదో ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు.

నేను వెంటనే సరేననకపోయేసరికి, పెళ్లికి కట్నం ఇచ్చామని, పసుపు కుంకుమల కింద పెట్టవలసినవన్నీ పెట్టామని, ఇంకా వాటా ఏమిటని వదిన అన్నది. నాన్నగారు తెల్ల కాగితం మీద వీలునామా రాశారని అన్నయ్య అంటున్నాడు. దాని ఫోటో పంపాడు గాని అసలు కాగితం చూపలేదు.

అన్నయ్యతో తగవు పెట్టుకోవాలని నాకు లేదు. నాన్నగారు మంచాన పడిన రెండేళ్లూ దగ్గరుండి చూసుకున్నది అతడే. కాని ఏమి వదులుకుంటున్నానో తెలియకుండా సంతకం చేయడానికి మనసు ఒప్పడం లేదు. అమ్మ సంగతి తలచుకుంటే భయంగా కూడా ఉన్నది. చట్టప్రకారం మాకు ఏమి వస్తుంది, ఆ వీలునామా చెల్లుతుందా, పెద్ద ఫీజులు ఇచ్చుకోలేని నావంటివారు సలహా కోసం ఎవరి దగ్గరకు వెళ్లాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: దస్తావేజు లేఖరి, రేపల్లె

అమ్మా, 30 ఏళ్లకు పైగా సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట కూర్చుని దస్తావేజులు రాసినవాడిని. ముందుగా చెప్పేది ఒక్కటే. సంవత్సరీకానికి వెళ్లండి, అందరితో కలిసి భోజనం చేయండి, సంతకం మాత్రం ఆ ప్రయాణంలో వద్దు. ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలని మీ అన్నగారితో నెమ్మదిగా చెబితే అందులో తప్పేమీ లేదు.

విడుదల దస్తావేజును చాలామంది ఏదో రెవెన్యూ పనికి కావలసిన కాగితమనుకుని సంతకం చేస్తారు. అది మీ వాటాను శాశ్వతంగా మరొకరికి ఒప్పగించే దస్తావేజు. సబ్‌రిజిస్ట్రార్ మీ ఫోటో, వేలిముద్రలు తీసుకుని, మీరు సమ్మతితోనే రాసి ఇచ్చారా అని అడిగి రిజిస్టరు చేస్తారు. మీ వాటా ఎంత, దాని విలువ ఎంత, మీకు అన్యాయం జరుగుతున్నదా అని విచారించడం ఆయన పని కాదు. రిజిస్టరయిన తరువాత మోసం జరిగిందని తెలిసి రద్దు చేయించుకోవాలంటే, ఆ సంగతి తెలిసిన నాటి నుంచి 3 సంవత్సరాల లోపల సివిల్ కోర్టులో దావా వేయాలి, మోసాన్ని మీరే రుజువు చేయాలి. నా బల్ల దగ్గరే సంతకం చేసి, ఏడాది తిరిగేసరికి కన్నీళ్లతో వచ్చిన ఆడపడుచులను చూశాను. నా చేత రాయించుకున్న దస్తావేజే గనుక ఆ బాధ నాకూ ఉన్నది.

ఇప్పుడు మీరు చేయవలసినది కాగితాలు కూర్చుకోవడం. సర్వే నంబరు, ఇంటి నంబరు ఇచ్చి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం, తీయించండి. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు కంప్యూటరులో దొరుకుతాయి, అంతకు ముందువి కార్యాలయంలో పాత రిజిస్టర్లు వెతికించి తీసుకోవాలి. భూమి నాన్నగారికి ఎలా సంక్రమించిందో చెప్పే లింకు దస్తావేజులు ఇంట్లో ఉన్నాయేమో అమ్మగారిని అడగండి. తాతగారి నుంచి వచ్చిన భూమి అయితే అది పిత్రార్జితం, అందులో మీకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది.

తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం ఎవరైనా తీసుకున్నారేమో కనుక్కోండి. వివాహమై వెళ్లిపోయిన కుమార్తె పేరు వదిలివేసి దరఖాస్తు పెట్టడం పల్లెల్లో తరచుగా జరుగుతుంది. మీ పేరు లేకపోతే వెంటనే తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి.

జవాబు: సివిల్ న్యాయవాది

పై పెద్దాయన చెప్పిన సలహా అంతా సరైనదే. ఒక్క మాట మాత్రం సవరించాలి. తాతగారి నుంచి వచ్చినదంతా పిత్రార్జితం కాదు. తాతగారు తన సొంత సంపాదనతో కొన్న ఆస్తి, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వచ్చిన తరువాత ఆయన మరణం వల్ల మీ నాన్నగారికి వచ్చి ఉంటే, అది మీ నాన్నగారి చేతిలో ఆయన సొంత ఆస్తే అవుతుంది. సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో ఈ సంగతి స్పష్టం చేసింది. అదే, ఉమ్మడి కుటుంబ ఆస్తిని మీ తాతగారు, ఆయన కుమారులు పంచుకున్నప్పుడు నాన్నగారి వాటాకు వచ్చిన భూమి అయితే, అది ఆయన పిల్లల విషయంలో పిత్రార్జితంగానే నిలుస్తుంది. అందుచేత భూమి ఏ కాగితం ద్వారా వచ్చిందన్నది తేలకుండా ఎవరి వాటా ఎంతో చెప్పలేము.

మీ 3 ఎకరాల 60 సెంట్లనే తీసుకుని లెక్క చెబుతాను. అది నాన్నగారి స్వార్జితమై, వీలునామా లేకపోతే, మొదటి తరగతి వారసులైన అమ్మగారు, అన్నగారు, మీరు తలా 120 సెంట్లు సమానంగా తీసుకుంటారు. పిత్రార్జితమైతే లెక్క రెండు మెట్లుగా సాగుతుంది. ముందుగా నాన్నగారు బ్రతికి ఉండగానే పంపకం జరిగినట్లు భావించి, ఆయనకు, అన్నగారికి, మీకు తలా 120 సెంట్లు వేయాలి. మన ప్రాంతంలో అనుసరించే ధర్మశాస్త్ర సంప్రదాయం ప్రకారం ఈ మెట్టు మీద భార్యకు వాటా రాదు. ఆ తరువాత నాన్నగారి 120 సెంట్లను ముగ్గురు వారసులకు 40 సెంట్ల చొప్పున పంచాలి. అప్పుడు అమ్మగారికి 40, మీకు 160, అన్నగారికి 160 సెంట్లు వస్తాయి. ఇల్లు నాన్నగారి స్వార్జితమైతే అందులో మూడు వంతుల్లో ముగ్గురికీ ఒక్కొక్క వంతు.

కుమార్తెకు ఈ హక్కు ఎప్పటి నుంచి అన్న విషయంలో మన రాష్ట్రం దేశానికి ముందు నడిచింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో తెచ్చిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి అవివాహితగా ఉన్న కుమార్తెకు కుమారునితో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. 1997లో వివాహమైన మీరు ఆనాడే ఆ హక్కు పొందారు. తరువాత 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ, వివాహం ఎప్పుడైనది అన్న ప్రమేయం లేకుండా కుమార్తెలందరికీ దానిని వర్తింపజేసింది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉండవలసిన అవసరం కూడా లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కట్నం ఇచ్చామన్న మాట ఈ హక్కుకు అడ్డు కాదు. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరమే గనుక దానిని వాటాకు చెల్లుగా చూపడం కుదరదు.

ఇక వీలునామా. దానికి స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్ల కాగితం మీద రాసినంత మాత్రాన చెల్లదని అనుకోవద్దు. రాసినవారు సంతకం చేసి ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులు ధృవీకరించి ఉండాలి. కోర్టుకు వెళితే ఆ సాక్షులలో ఒకరినైనా విచారించి రుజువు చేయవలసిన భారం వీలునామాను ముందుకు తెచ్చినవారిది. దానివల్ల లాభపడే మనిషే దగ్గరుండి రాయించాడని, రాసిన నాటికి రాసినవారు తీవ్రమైన అనారోగ్యంతో ఉన్నారని, సంతకం తేడాగా ఉన్నదని అనుమానాలు తలెత్తితే, వాటిని తొలగించవలసిన బాధ్యత కూడా వారిదేనని 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసు నాటి నుంచి న్యాయస్థానాలు చెబుతున్నాయి. ఫోటోతో సరిపెట్టుకోకుండా అసలును చూడండి. తేదీని, సాక్షుల పేర్లను రాసుకోండి. అది నిజమైన వీలునామాయే అయినా, పిత్రార్జితంలో నాన్నగారు రాయగలిగినది తన 120 సెంట్ల వరకే. పుట్టుకతో మీకు వచ్చిన 120 సెంట్లను ఏ వీలునామా తీసివేయలేదు.

నామినీ అంటే సొమ్మును చేతికి తీసుకునే మనిషి. బ్యాంకు నామినీకి చెల్లించి తన బాధ్యత తీర్చుకుంటుంది. ఆ సొమ్ము వారసులందరిదీ, వారు అందులో తమ వాటాను నామినీ నుంచి అడగవచ్చు. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తరువాత, తల్లిదండ్రులను గాని భార్యాబిడ్డలను గాని నామినీగా రాస్తే ఆ సొమ్ము మీద వారికే హక్కు ఉంటుంది. రెండింటినీ కలిపి ఆలోచించకండి.

అమ్మగారి గురించి ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే ఇటువంటి కుటుంబాలలో చివరకు ఏ ఆధారమూ లేకుండా మిగిలేది తల్లే. ఆమెకు వచ్చే వాటా ఆమె సంపూర్ణ ఆస్తి. కుమారునికి ఇవ్వాలని ఆమె నిజంగా కోరుకుంటే ఇవ్వవచ్చు. కాని తన జీవితకాలమంతా తిండి, బట్ట, మందులు, ఉండడానికి ఆ ఇంట్లో చోటు చూడాలన్న షరతును దస్తావేజులోనే రాయించాలి. షరతు తప్పితే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద ఆ బదిలీని చెల్లకుండా చేయమని 60 ఏళ్లు నిండినవారు ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. షరతు రాయకుండా ఇచ్చేసి, తరువాత దానిని రుజువు చేయబోయిన తల్లులు చాలా కష్టపడ్డారు.

జవాబు: ఒంగోలు నుంచి ఒక అక్క

చెల్లీ, చట్టం సంగతి పెద్దలు చెప్పారు. ఎవరి దగ్గరకు వెళ్లాలన్న ప్రశ్నకు నా అనుభవం చెబుతాను. మా ఆయన పోయిన తరువాత మా మరిదితో ఇంటి వాటా విషయంలో చిక్కు వచ్చింది. చేతిలో డబ్బు లేదు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుందని, అక్కడ మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయసహాయం ఇస్తారని, అది దయ కాదు, 1987 నాటి చట్టంలోని 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు అని ఒక అంగన్‌వాడీ టీచరు చెప్పింది. భూమి మీద, ఇంటి మీద, ఉద్యోగం మీద ఏమీ అడగరు. మహిళ అయితే చాలు. మీ అమ్మగారు కూడా అర్హురాలే.

వెళ్లిన రోజున నాకు దరఖాస్తు ఎలా రాయాలో కూడా తెలియదు. అక్కడి బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి తెల్ల కాగితం ఇచ్చి, ఎవరితో ఏ ఆస్తి విషయంలో ఏ ఇబ్బంది వచ్చిందో మామూలు తెలుగులో రాయమన్నది. వణుకుతున్న చేతితో ఒకటిన్నర పుట రాశాను. దానికి ఇంటి పన్ను రసీదు, మరణ ధృవీకరణ పత్రం, ఆధార్ నకళ్లు జతచేశారు. ఒక ప్యానెల్ న్యాయవాదిని కేటాయించారు. ఆమె ఫీజు నేను ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు.

కోర్టులో దావా వేయకముందే, ప్రీలిటిగేషన్ కేసుగా తీసుకుని మా మరిదికి నోటీసు పంపి, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. మొదటిసారి అతడు రాలేదు. రెండోసారి వచ్చాడు. ఊళ్లో పెద్దమనుషుల ముందు ఎప్పుడూ నా మాట పూర్తి కానివ్వని మనిషి, అక్కడ నేను చెప్పడం ముగించేదాకా ఆగవలసి వచ్చింది. చివరకు లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. ఇరువురూ ఒప్పుకుంటేనే అక్కడ అవార్డు ఇస్తారు. ఒకసారి ఇస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఒప్పుకోకపోతే కోర్టుకు వెళ్లే దారి ఎలాగూ తెరిచే ఉంటుంది. అందుచేత అక్కడ కూడా తొందరపడి తల ఊపవద్దు.

జిల్లా కేంద్రం దూరమనుకుంటే, తెనాలి వంటి కోర్టులున్న ఊళ్లలో మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. ముందుగా మాట్లాడాలంటే 15100 నంబరుకు ఫోను చేయండి, ఖర్చు లేదు. మీరు ఖమ్మంలో ఉన్నా, ఆస్తి ఉన్న చోటి కోర్టులోనే దావా నడుస్తుంది గనుక దరఖాస్తు అక్కడ ఇవ్వడమే మేలు.

మళ్లీ: కొల్లిపర ఆడపడుచు

మీ అందరికీ నా కృతజ్ఞతలు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆరు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను.

సంవత్సరీకం అయిన మర్నాడు అమ్మ తన పాత ఇనుప పెట్టె తెరిచింది. పట్టుచీరల అడుగున, మైనపు గుడ్డలో చుట్టిన మడత కాగితాలు ఉన్నాయి. మడతల దగ్గర చిరిగిపోతున్నాయి, అయినా అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. అది 1974లో మా తాతగారు, నాన్నగారు, చిన్నాన్నగారు రాసుకుని రిజిస్టరు చేయించిన పారీఖత్తు, అంటే పంపకాల దస్తావేజు. "మా పిత్రార్జితమై మేము ఉమ్మడిన అనుభవించుచున్న" అని మొదటి పుటలోనే ఉన్నది. ఇంటి స్థలం మాత్రం నాన్నగారు 1988లో క్రయానికి తీసుకున్నది. అది ఈసీలో కనిపించింది.

తెనాలిలో దరఖాస్తు ఇచ్చాను. కేటాయించిన న్యాయవాది ఆ రెండు కాగితాలు చూసి, ఇక్కడ చెప్పిన లెక్కనే చెప్పారు. నోటీసు పంపేముందు ఒకసారి ఇంట్లో మాట్లాడి చూడమన్నారు. నేను అన్నయ్య ఎదుట కూర్చుని, 160 సెంట్లు నా హక్కని తెలుసు, నాన్నగారిని నువ్వు చూసుకున్నావనీ తెలుసు, అందుకని నా వాటాలో 40 సెంట్లు సంతోషంగా నీకు వదులుతాను, అమ్మ వాటా మాత్రం అమ్మ పేరునే ఉండాలి అన్నాను. అన్నయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వీలునామా మీద సాక్షులుగా ఉన్నది వదిన తమ్ముళ్లిద్దరేనని, అది తను పట్టుకోదలచుకోలేదని తరువాత చెప్పాడు. డిపాజిట్ సొమ్ము మొత్తం అమ్మ పేరున వేయడానికి ఇద్దరమూ ఒప్పుకున్నాము.

ఇప్పుడు విడుదల దస్తావేజు మానుకుని ముగ్గురమూ కలిసి, ఎవరి వాటా ఏదో తేల్చే భాగపరిష్కార దస్తావేజు రాసుకోవాలనుకుంటున్నాము. దానిని ప్యానెల్ న్యాయవాది చూస్తారు. అందులో మరచిపోకుండా రాయించవలసినవి ఏమైనా ఉంటే లేఖరిగారు చెప్పగలరా?

జవాబు: దస్తావేజు లేఖరి, రేపల్లె

అమ్మా, పిత్రార్జితం విషయంలో వకీలుగారు చేసిన సవరణను గౌరవంతో ఒప్పుకుంటున్నాను. మీ పెట్టెలోని కాగితం చూశాక దాని విలువ ఇంకా బాగా తెలిసింది. ఆ పారీఖత్తుకు ధృవీకరించిన నకలు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇప్పుడే తీసుకుని ఉంచండి. మడతల దగ్గర చిరిగే కాగితం ఇంకెంతకాలమో నిలవదు.

భాగపరిష్కార దస్తావేజు తప్పక రిజిస్టరు చేయించాలి. తెల్ల కాగితం మీద రాసుకుని పెద్దమనుషుల సంతకాలతో సరిపెట్టుకుంటే రేపు మీ పిల్లల తరంలో అది పనికిరాదు. మీరు వదులుతున్న 40 సెంట్ల సంగతి అందులోనే స్పష్టంగా రాయించండి, పోను మీకు 120 అని అంకెలోను అక్షరాలలోను ఉండాలి. పొలాన్ని సర్వేయరు చేత కొలిపించి, ఎవరి భాగం ఏ వైపో నాలుగు హద్దులతో, పటంతో సహా రాయించండి. సెంట్లు రాసి హద్దులు రాయని దస్తావేజు ఎన్ని తగవులు పెట్టిందో నేను చూశాను.

మాగాణి గనుక నీటి సంగతి మరవవద్దు. కాలువ ఏ వైపు నుంచి వస్తుంది, పంట బోదె ఎవరి భాగం గుండా వెళుతుంది, కింది భాగం వారికి నీరు పారించుకునే హక్కు, మురుగు పోయే దారి, డొంక నుంచి బండి గాని ట్రాక్టరు గాని వెళ్లడానికి ఎన్ని అడుగుల బాట, గట్టు మీద చెట్లు ఎవరివి అన్నవి ఒక్కొక్కటిగా రాయించండి. బోరు ఉంటే అది ఎవరి భాగంలో ఉన్నది, కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉంటుంది, ఖర్చు ఎలా పంచుకోవాలి అన్నది కూడా చేర్చండి. అమ్మగారి 40 సెంట్లను మధ్యలో ఇరికించకుండా డొంక వైపు ఇవ్వండి. ఆమె కౌలుకు ఇచ్చుకోవాలన్నా ఎవరి గట్టు దాటవలసిన పని ఉండదు.

ఇంటిలో ఆమె వాటాతో పాటు, జీవితాంతం ముందు గదిలో ఉండే హక్కును విడిగా ఒక పేరాలో రాయించండి. అమ్మగారు వేలిముద్ర వేస్తారు గనుక దస్తావేజును ఆద్యంతం చదివి వినిపించినట్లు, ఆమె విని సమ్మతించినట్లు చివరలో ఉండాలి. ఆ వాక్యం రాసి ఊరుకోకుండా నిజంగానే చదివి వినిపించండి, ఒకటికి రెండుసార్లు. రిజిస్ట్రేషన్ అయ్యాక ముగ్గురూ ఎవరి భాగానికి వారు తహసీల్దారు దగ్గర మ్యుటేషన్‌కు, అంటే రెవెన్యూ రికార్డులలో పేరు మార్పుకు, దరఖాస్తు పెట్టుకుని, ఆ రికార్డులైన 1బీలో, అడంగల్‌లో పేర్లు మారాయో లేదో చూసుకోండి. దస్తావేజు నకలు ఒకటి మీరు ఖమ్మం తీసుకెళ్లండి, ఒకటి అమ్మగారి పెట్టెలో ఉంచండి.